టాస్క్ మేనేజర్‌లో తెలియని పేరు కనబడితే
(శ్రీకాకుళంలో నెట్ సెంటర్ల నిర్వాహకులు, డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కల నెట్ సెంటర్లు, డీటీపీ షాపులు నడిపేవాళ్లు, ఆమదాలవలస, నరసన్నపేట నుంచి బస్సెక్కి వచ్చిన విద్యార్థులు, ఇంతమంది ఈ విషయం కోసం వచ్చి కూర్చున్నందుకు నాకు చాలా సంతోషంగా ఉంది.

నేరుగా విషయంలోకి వస్తాను. సిస్టమ్ స్లో అవుతుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కుతాం. సిస్టమ్‌లో ఏమేం నడుస్తున్నాయో చూపించే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. మనం తెరిచింది ఒక బ్రౌజరు, ఒక వర్డ్ ఫైలు. అక్కడ చూస్తే వంద పైచిలుకు పేర్లు. టెన్షన్ మొదలవుతుంది. ఆ టెన్షన్‌లో కొందరు కనబడినదానికల్లా ఎండ్ టాస్క్ కొట్టేస్తారు. ఇంకొందరు ఎందుకొచ్చిన గొడవని ఫార్మాట్ కొట్టించేస్తారు. ఈ రెండూ అక్కర్లేదని చెప్పడానికే వచ్చాను.

మన వీధిలోకి కొత్త మనిషి వస్తే అరుగు మీద కూర్చున్న పెద్దవాళ్లు వెంటనే కర్ర పుచ్చుకోరు. "ఏ ఊరు బాబూ? ఎవరి తాలూకా? ఏ పని మీద వచ్చావు?" అని అడుగుతారు. సిస్టమ్‌లో నడుస్తున్న ప్రోగ్రామ్‌ని ప్రాసెస్ అంటారు, దాన్ని కూడా ఈ మూడే అడగాలి. పేరు అడిగి లాభం లేదు. పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు.

నన్ను ఎక్కువమంది అడిగేది ఎస్‌వీసీహోస్ట్ గురించి. డీటెయిల్స్ ట్యాబ్‌లో ఆ పేరుతో పదుల కొద్దీ వరసలు ఉంటాయి. "వైరస్ పిల్లలు పెట్టేసిందండీ" అంటారు. కాదు. విండోస్ సేవలు చాలావరకు డీఎల్‌ఎల్ ఫైళ్లలో ఉంటాయి. డీఎల్‌ఎల్ తనంతట తాను నడవలేదు. దాన్ని నడిపించడానికి పెట్టిన ప్రోగ్రామే ఎస్‌వీసీహోస్ట్. ఒకప్పుడు ఒక్కోదాంట్లో పదేసి సేవలు కలిసి నడిచేవి, ఒకటి చెడితే పక్కవీ పడిపోయేవి. 2017లో వచ్చిన విండోస్ 10 క్రియేటర్స్ అప్‌డేట్ నుంచి, ర్యామ్ 3.5 జీబీకి మించి ఉన్న సిస్టమ్స్‌లో చాలావాటిని విడివిడిగా నడుపుతున్నారు. అందుకే అన్ని కనబడతాయి. ఏ ఊరో తెలియాలంటే వాటి మీద రైట్ క్లిక్ చేసి, ఓపెన్ ఫైల్ లొకేషన్ నొక్కండి. అసలుదైతే సీ డ్రైవ్‌లో విండోస్ లోపల సిస్టమ్32 ఫోల్డర్ తెరుచుకుంటుంది. యూజర్స్ కింద యాప్‌డేటాలోనో, టెంప్‌లోనో తెరుచుకుంటే అది దొంగ. వీ, సీ అక్షరాలు అటూ ఇటూ మార్చి అదే పేరులా కనిపించేట్టు వచ్చేవీ ఉన్నాయి, నిదానంగా చదవండి.

అలాగని సిస్టమ్32లో లేనిదల్లా దొంగ అనుకోకండి. యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్ అని ఒకటి సీపీయూ తినేస్తూ కనబడుతుంది. అది విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్, విండోస్ డిఫెండరే. ఉండేది ప్రోగ్రామ్‌డేటా ఫోల్డర్‌లో. అందుకే ఎవరి తాలూకా అన్నది కూడా అడగాలి. ఫైలు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డిజిటల్ సిగ్నేచర్స్ ట్యాబ్. అక్కడ ఏ కంపెనీ సంతకం ఉందో, అది చెల్లుతోందో తెలుస్తుంది. కొన్ని విండోస్ ఫైళ్లకు ఆ ట్యాబ్ కనబడదు, వాటి సంతకాలు వేరేచోట ఒక జాబితాలో ఉంటాయి. ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ అనే ప్రోగ్రామ్ వాడితే అవి కూడా సరిచూస్తుంది. అది మైక్రోసాఫ్ట్ సైట్‌లోనే ఉచితంగా దొరుకుతుంది. మార్క్ రసినోవిచ్ అనే ప్రోగ్రామర్ వాళ్ల విండోస్ టూల్స్ సైట్ సిస్‌ఇంటర్నల్స్‌ని మైక్రోసాఫ్ట్ 2006లో కొన్నప్పుడు దానితోపాటు వచ్చింది.

ఏ పని మీద వచ్చావన్న మూడో ప్రశ్న దగ్గర కాసేపు ఆగుతాను. నెట్ సెంటర్లకి దీనివల్లే ఎక్కువ నష్టం.

కస్టమర్ పెన్‌డ్రైవ్ ఇస్తాడు. పెడితే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయి ఉంటాయి. ఒకటి నొక్కగానే ఫోల్డర్ తెరుచుకుంటుంది, అంతా బాగానే ఉందనిపిస్తుంది. ఆ తర్వాత మీ షాపులో పెట్టిన ప్రతి పెన్‌డ్రైవూ అలాగే తయారవుతుంది. అప్పుడు టాస్క్ మేనేజర్ చూస్తే డబ్ల్యూస్క్రిప్ట్ అని ఒక పేరు నడుస్తుంటుంది. ఏ ఊరు? సిస్టమ్32. ఎవరి తాలూకా? మైక్రోసాఫ్ట్. రెండింటికీ సరైన జవాబే. మరి దోషం ఎక్కడుంది? డబ్ల్యూస్క్రిప్ట్ పని, ఇచ్చిన స్క్రిప్టుని నడపడం. ఎవరిచ్చినా నడుపుతుంది. డీటెయిల్స్ ట్యాబ్‌లో కమాండ్ లైన్ అనే గడి తెరిస్తే, దాని పక్కన యాప్‌డేటాలో దాక్కున్న ఒక వీబీఎస్ స్క్రిప్టు ఫైలు దారి కనబడుతుంది. దొంగ అదీ. డబ్ల్యూస్క్రిప్ట్‌ని ఆపి, ఆ ఫైలుని తీసేసి, స్టార్టప్‌లో దాని తాలూకు ఏదైనా మిగిలిందేమో చూడాలి. చివర్లో డిఫెండర్‌తో ఫుల్ స్కాన్ పెట్టండి. ఇదంతా చూడకుండా ఎండ్ టాస్క్ ఒక్కటే కొడితే మళ్లీ ఆన్ చేసేసరికి అది మళ్లీ హాజరు.

ఇంకో మాట. ఆ పెన్‌డ్రైవ్‌లో కస్టమర్ ఫైళ్లు చాలాసార్లు ఎక్కడికీ పోవు, దాచి ఉంటాయి. ఫోల్డర్ ఆప్షన్స్‌లో హిడెన్ ఫైల్స్ చూపించమని పెట్టి, ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్ దగ్గర టిక్ తీస్తే బయటపడతాయి. సర్టిఫికెట్లు పోయాయని ఏడ్చే పిల్లలకు ఈ ఒక్క ముక్క తెలిసినవాళ్లు పక్కన ఉంటే చాలు.

మనవాళ్లు భయంతో ఆపేసేవాటిలో మనకే కావాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆధార్ వేలిముద్ర తీసుకునే చోట ఆర్‌డీ సర్వీస్ అని వేలిముద్ర మెషీన్ తాలూకు ప్రోగ్రామ్ ఒకటి నడుస్తుంటుంది. దాన్ని ఆపితే మెషీన్‌లో లైటు వెలిగినా వేలిముద్ర పడదు, లైన్లో నిల్చున్న ముసలమ్మ పింఛను పని ఆగుతుంది. తెలుగు టైపింగ్ ప్రోగ్రాములు మనం నొక్కే ప్రతి మీటనీ పట్టుకుంటాయి, పట్టుకోకపోతే అక్షరం మారదు. ప్రింట్ స్పూలర్ ఆగితే ప్రింటు రాదు. సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్ 95 శాతం అని కనబడిందా, సీపీయూ ఖాళీగా ఉందని అర్థం, దాని జోలికి వెళ్లకండి. విండోస్ మాడ్యూల్స్ ఇన్‌స్టాలర్ వర్కర్ డిస్కుని వంద శాతం వాడుతుంటే అప్‌డేట్ నడుస్తోంది, కాసేపు వదిలేయండి. మొబైల్ హాట్‌స్పాట్ మీద నడిపేవాళ్లు ఆ కనెక్షన్‌ని మీటర్డ్ అని పెట్టుకుంటే పట్టపగలు డేటా ఖర్చవడం తగ్గుతుంది.

భయపెట్టి మన చేత్తోనే మన ఫైళ్లు తీయించడం కొత్తేమీ కాదు. 2002లో టెడ్డీ బేర్ బొమ్మ ఐకాన్ ఉన్న ఒక ఫైలు వైరస్ అనీ, వెతికి తీసేయమనీ, తెలిసినవాళ్లందరికీ చెప్పమనీ ప్రపంచమంతా ఈమెయిల్ తిరిగింది. అది విండోస్‌తో వచ్చిన మామూలు జావా డీబగ్గర్ ఫైలు. ఇప్పుడైతే ఫోన్ వస్తుంది. "మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, మేం చెప్పినట్టు తెరవండి, ఇన్ని నడుస్తున్నాయి చూశారా" అంటారు. ఆ పేర్లు అందరి సిస్టమ్స్‌లోనూ ఉండేవే. తర్వాత రిమోట్ యాప్ వేయించి బ్యాంకు లాగిన్ దాకా వెళ్తారు. అప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

క్రాక్ సాఫ్ట్‌వేర్ గురించి చెప్పకపోతే తప్పవుతుంది. క్రాక్ వేసేముందు డిఫెండర్ ఆపమంటుంది కదా, తెలిసీ తలుపు మనమే తీస్తున్నాం. మీ సిస్టమ్‌తో ఎవరికో క్రిప్టో కరెన్సీ తవ్విపెట్టే ప్రోగ్రాములు చాలాసార్లు వచ్చేది ఆ దారినే. ఏ పనీ లేనప్పుడు ఫ్యాను గోలగా తిరుగుతూ, టాస్క్ మేనేజర్ తెరవగానే నెమ్మదించిందంటే అనుమానించండి. వాటిలో కొన్ని అది తెరిచినట్టు కనిపెట్టి ఆగిపోతాయి. కస్టమర్ల ఆధార్, పాన్ కాపీలు ఉన్న సిస్టమ్‌లో క్రాక్ వేయకండి, దయచేసి.

సరే, ఇక చేసి చూద్దాం. ల్యాప్‌టాప్ తెచ్చినవాళ్లు టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్‌కి వెళ్లి, నేమ్ అని ఉన్నచోట రైట్ క్లిక్ చేసి, సెలెక్ట్ కాలమ్స్‌లో కమాండ్ లైన్‌కి టిక్ పెట్టండి. సిస్టమ్ బాగున్నప్పుడే ఆ జాబితాని ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి, రేపు కొత్తది చేరితే పోల్చుకోవచ్చు. తేనివాళ్లు పక్కవాళ్ల దగ్గరికి జరగండి. తెలియని పేరు కనబడినవాళ్లు చెయ్యెత్తండి, ఒక్కొక్కటీ ప్రొజెక్టర్ మీద చూద్దాం.