గడియ పడితేనే అది మరుగుదొడ్డి
(తిరుపతిలో బడి కమిటీల సమావేశంలో చేసిన ప్రసంగం)

హెడ్మాస్టరుగారికి, టీచర్లకు, చంద్రగిరి, రేణిగుంటల నుంచి పనులు మానుకుని వచ్చిన అమ్మలకు, నాయనలకు నమస్కారం. కొత్త మరుగుదొడ్ల ప్లాను గురించి చెప్పమన్నారు. ప్లాను తర్వాత చూద్దాం. ముందు తలుపు గడియ.

ఆడపిల్లలకు, మగపిల్లలకు వేరువేరుగా మరుగుదొడ్లుండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ఉంది. గడియ మాట అందులో లేదు. గడియ పడని చోట ఆడబిడ్డలు జతగా వెళ్తారు: ఒకరు లోపల, ఒకరు బయట తలుపు పట్టుకుని. జత దొరకదని పొద్దుటి నుంచి నీళ్లే తాగని బిడ్డలున్నారమ్మా! మన ఎండల్లో అలా ఉంటే మూత్రంలో మంట రాక ఏమవుతుంది?

గడియ ఎందుకు ఊడుతుంది? పీవీసీ తలుపు లోపలంతా డొల్ల. అరంగుళం స్క్రూకు పైపొర తప్ప పట్టు లేదు. లాగీ లాగీ రంధ్రం పెద్దదవుతుంది. అందులో అగ్గిపుల్ల కుక్కి మళ్లీ బిగిస్తారు, అది వారం ఆగదు. తలుపును ఈ వైపు నుంచి ఆ వైపుకు దూసుకుపోయే బోల్టు వెయ్యాలి. రెండు పక్కలా వెడల్పు వాషర్లు, నట్టు లోపలి వైపు, బయట నున్నటి గుండుతల. అప్పుడు బయటివాడు విప్పలేడు. రెండు బందులే వేస్తే తలుపు వాలిపోయి గడియ రంధ్రానికి అందదు, మూడు వెయ్యండి. గడియ నేల నుంచి మూడడుగుల లోపే ఉండాలి, ఒకటో తరగతి బిడ్డకూ అందాలి కదా.

ఇంకొక మాట, ఇది రాసుకోండి. ఒక్కో గదికి బయట ఆల్‌డ్రాప్, అంటే తాళం వేసే పెద్ద గడియ, ఉంటే ఈరోజే పీకేయండి. ఎవరో బయట గడియ పెట్టేస్తే లోపల బిడ్డ గతేంటి? తాళం మెయిన్ తలుపుకు చాలు. గది తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకునేదైతే, కళ్లు తిరిగి తలుపుకు అడ్డంగా పడిన బిడ్డను ఎలా తీస్తారు? బయట నుంచి నాణెంతో తిప్పి తీసే గడియలూ దొరుకుతాయి.

ఇక ప్లాను. వాసనొస్తుందని ప్రహరీ మూలకు నెట్టకండి. నేలకు పదడుగులకు రెండంగుళాల వాలు, కుళాయిలో నీళ్లు ఉంటే వాసన నిలవదు. దారి వరండాలోకి కనబడాలి, చేతులు కడిగే కుళాయిలు బయటే ఉండాలి. వెంటిలేటరు అడుగు భాగం ఏడడుగుల పైన ఉండాలి, దాని పక్కన ట్యాంకు నిచ్చెన ఉండకూడదు. కెమెరా పెడితే వచ్చే దారి మీదే, లోపలికి చూసేది వద్దు.

భోజనాల గంటకు ఇంకా టైముంది. అమ్మలూ, ఆయాలూ, ఇద్దరిద్దరుగా లేవండి. ఒకరు లోపల గడియ వేసుకోండి, ఒకరు బయట నుంచి గట్టిగా లాగండి. ఊడిన తలుపు మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. వడ్రంగి బోల్టులతో వరండాలోనే ఉన్నాడు.