ఫైనల్ ఫాంటసీ 7 రివ్యూ: ఊరంతా ఒకే కరెంటు కంపెనీ చేతిలో ఉంటే

అందరికీ నమస్తే. ఈ వీడియో ఫైనల్ ఫాంటసీ 7 గురించి. 2020లో వచ్చిన రీమేక్ కాదు, 1997లో ప్లేస్టేషన్ మీద మూడు డిస్కుల్లో వచ్చిన ఒరిజినల్. కథలోకి బాగా లోపలికి వెళ్తాను. స్పాయిలర్లు వద్దనుకునేవాళ్ళు ముందు గేమ్ ఆడి, తర్వాత ఈ వీడియో చూడండి.

ఈ గేమ్ పేరెత్తగానే అందరూ విలన్ సెఫిరోత్ గురించి, అతని పొడుగాటి కత్తి గురించి మాట్లాడతారు. నన్నడిగితే ఇందులో అసలు విలన్ ఒక కరెంటు కంపెనీ. పేరు షిన్రా. మిడ్గార్ నగరానికి కరెంటు ఇచ్చేది షిన్రా, ఆయుధాలు తయారు చేసేది షిన్రా, సైన్యం కూడా షిన్రాదే. నగరానికి మేయర్ లేడా అంటే ఉన్నాడు. షిన్రా బిల్డింగ్ 62వ అంతస్తులో, లైబ్రరీకి కాపలాదారులా కూర్చుని ఉంటాడు. తను పేరుకే మేయర్నని తనే చెప్పుకుంటాడు.

ఈ గేమ్ తయారైన జపాన్‌లో అప్పటికి ఇళ్ళకి కరెంటు అంటే ప్రాంతానికో ప్రైవేటు కంపెనీ. వేరే కంపెనీని ఎంచుకునే అవకాశం ఇళ్ళవాళ్ళకి 2016లో గానీ రాలేదు. డైరెక్టర్ కితాసే, రచయిత నోజిమా ఇది మనసులో పెట్టుకుని రాశారని నేననను. కానీ కరెంటు ఎవరి చేతిలో ఉంటే ఊరు వాళ్ళ చేతిలో ఉంటుందన్న సంగతి ఈ గేమ్‌కి చాలా బాగా తెలుసు.

మిడ్గార్‌ని ఒకసారి చూడండి. డబ్బున్నవాళ్ళు పైన, పెద్ద పెద్ద స్తంభాల మీద నిలబెట్టిన ఇనుప ప్లేటు మీద ఉంటారు. పేదవాళ్ళు దాని కింద బస్తీల్లో ఉంటారు. వాళ్ళకి తలెత్తితే ఆకాశం కనపడదు, ఆ ప్లేటు అడుగుభాగమే కనపడుతుంది. రైల్లో వెళ్తుండగా ఒక మాట వస్తుంది: మరి వీళ్ళంతా పైకి వెళ్ళి బతకొచ్చు కదా? షిన్రాకి ఎదురు తిరిగిన గుంపు నాయకుడు బారెట్ చెప్పే జవాబు చిన్నదే. డబ్బుల్లేకేమో, లేదంటే ఎంత పాడైపోయినా తమ నేల మీద ప్రేమేమో అంటాడు. పేదరికం గురించి పెద్ద ఉపన్యాసం ఇవ్వకుండా, నగరం నిర్మాణంలోనే దాన్ని చూపించిన గేమ్ ఇది. నాకు ఇంత ఇష్టం అందుకే.

బారెట్, అతని సహచరి టిఫా, మన హీరో క్లౌడ్‌ల గుంపు పేరు అవలాంచ్. షిన్రా రియాక్టర్లు భూమి ప్రాణశక్తిని తోడేసి కరెంటుగా మారుస్తున్నాయని, వాటిని పేల్చేయాలని వీళ్ళ పోరాటం. దానికి షిన్రా ఏం చేస్తుందంటే, నగరంలో ఏడో సెక్టార్ అనే భాగాన్ని మోసే స్తంభాన్ని తనే కూల్చేస్తుంది. పైనున్న ప్లేటు మొత్తం బస్తీ మీద పడుతుంది. ఆ నేరాన్ని అవలాంచ్ మీదకి నెట్టేస్తుంది.

ఆ తర్వాత వచ్చే సీన్ కోసమైనా ఈ గేమ్ ఆడమంటాను. మనవాళ్ళు షిన్రా బిల్డింగ్‌లోకి దూరి, బాత్రూమ్ పైనున్న గాలి గొట్టంలో పాక్కుంటూ వెళ్ళి, బోర్డు మీటింగ్‌ని చాటుగా వింటారు. రీవ్ అనే అధికారి ఏడో సెక్టార్ నష్టం లెక్క చదువుతాడు. దాదాపు వెయ్యి కోట్ల గిల్ (ఈ గేమ్‌లో డబ్బు పేరు గిల్). అందులో ఫ్యాక్టరీలుంటాయి, పెట్టుబడులుంటాయి. చనిపోయినవాళ్ళ లెక్క ఉండదు. మళ్ళీ కట్టేది లేదంటాడు షిన్రా ప్రెసిడెంట్. పైగా అన్ని ప్రాంతాల్లో రేట్లు 15 శాతం పెంచమంటాడు. జనానికి నమ్మకం పోతుందేమో సార్ అని రీవ్ అంటే, పోదు, ఇంకా ఎక్కువ నమ్ముతారు అంటాడు. ఎందుకంటే జనం దృష్టిలో వాళ్ళని టెర్రరిస్టుల నుంచి కాపాడింది షిన్రాయే కదా! ఆ గదిలో ఎవరూ గొంతు పెంచరు. మామూలు ఆఫీసు మీటింగ్‌లా నడిచిపోతుంది. ఒక రాక్షసుడు భూమిని నాశనం చేస్తానని అరిచే సీన్లు వంద చూశాం. నాకు ఆ 15 శాతమే ఎక్కువ భయం పుట్టించింది.

ఇక కోరెల్. బారెట్ సొంత ఊరు. బొగ్గు గనుల ఊరు. ఇప్పుడు బొగ్గెవరు వాడుతున్నారు, రియాక్టర్ పెట్టుకుందాం, మీ బతుకులకి మాది పూచీ అని షిన్రా వస్తుంది. బారెట్ స్నేహితుడు డైన్ ఒక్కడే వద్దంటాడు. ఒప్పుకుందామని గట్టిగా వాదించింది బారెట్టే. తర్వాత రియాక్టర్‌లో ప్రమాదం జరిగితే, తప్పు ఊరివాళ్ళదేనంటూ షిన్రా సైన్యం ఊరిని తగలబెడుతుంది. మిగిలినవాళ్ళు చెత్తకుప్పల మధ్య డేరాలేసుకుని బతుకుతుంటారు. వాళ్ళ పక్కనుంచే రోప్‌వే వెళ్తుంది, గోల్డ్ సాసర్ అనే తళతళలాడే అమ్యూజ్‌మెంట్ పార్కుకి. టికెట్ 3,000 గిల్.

పెట్టుబడి ఎప్పుడూ తుపాకీతోనే రాదు. ముందు మాటతో వస్తుంది, మన మంచి కోరేవాళ్ళ నోటితోనే వస్తుంది. తుపాకీ వచ్చేది తర్వాత. వామపక్ష రాజకీయాల మీద పుస్తకాలు చదివినవాళ్ళకి ఇది తెలిసిన విషయమే. కానీ కోరెల్‌లో బారెట్‌ని ఊరివాళ్ళు కొడుతుంటే అతను ఎదురు తిరగకుండా నిలబడే సీన్‌లో ఇది మనసుకి తగిలినట్టు చాలా పుస్తకాల్లో తగలదు. సోంపేట తెలిసినవాళ్ళకి ఇంకా గట్టిగా తగులుతుంది. 2010లో అక్కడ థర్మల్ ప్లాంటు వద్దన్న రైతులు, మత్స్యకారుల మీద కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ప్లాంటొస్తే బతుకులు మారతాయన్న మాట అక్కడా ముందే వచ్చింది.

గేమ్‌తో నాకు గొడవ కూడా ఉంది. మిడ్గార్ దాటాక కథ మెల్లగా సెఫిరోత్ వైపు తిరిగిపోతుంది. అధికారం అంటే ఏమిటన్న ప్రశ్న పక్కకి వెళ్ళి, ఒక పిచ్చివాణ్ణి ఎలా ఆపాలన్నది ముందుకొస్తుంది. ప్రెసిడెంట్ చచ్చిపోతాడు, కొడుకు రూఫస్ అదే కుర్చీలో కూర్చుంటాడు. నాన్న డబ్బుతో ఏలాడు, నేను భయంతో ఏలతానంటాడు. అద్భుతమైన ఎత్తుగడ! కానీ గేమ్ దాన్ని చివరిదాకా తీసుకెళ్ళదు. బస్తీల్లో ఉన్న జనం తమ కోసం తాము నిలబడే అవకాశం కథలో దాదాపు రాదు. అంతా మనం ఆడించే కొద్దిమంది వీరులే చేస్తారు. ఇది నాకు పెద్ద లోటు.

ఒక్క విషయంలో మాత్రం నిజాయితీ వదల్లేదు. మీరు పేల్చిన రియాక్టర్ వల్ల ఎంతమంది చచ్చిపోయారో తెలుసా అని, మనవాళ్ళతో కలిసి తిరిగే కెయిట్ సిత్ అనే పిల్లి బొమ్మ బారెట్‌ని నిలదీస్తాడు. కొందరు పోక తప్పదంటాడు బారెట్. మీకు కొందరే, పోయినవాళ్ళకి అదే సర్వస్వం అంటాడు కెయిట్ సిత్. ఆ బొమ్మ వెనకాల ఉండి మాట్లాడేది షిన్రా ఉద్యోగి రీవ్. అయినా ఆ మాట తప్పు కాదు. అన్యాయాన్ని ఎదిరించేవాళ్ళు తప్పించుకోకూడని ప్రశ్న అది.

గేమ్‌ప్లే గురించి త్వరగా చెప్పేస్తాను. మెటీరియా, అంటే మ్యాజిక్ శక్తులిచ్చే రాళ్ళ సిస్టమ్ ఇప్పటికీ సూపర్. ఏ మ్యాజిక్ ఎవరికి కావాలంటే వాళ్ళకి తొడగొచ్చు. ఉయెమాత్సు సంగీతం గురించి కొత్తగా చెప్పేదేముంది. మనుషులు దిమ్మల్లా ఉంటారు, వెనకాల బొమ్మలు మాత్రం ఇప్పటికీ బాగుంటాయి. నాలుగడుగులు వేస్తే ఫైట్ మొదలవడం కొత్తవాళ్ళకి చిరాకే. ప్లేస్టేషన్ 4, స్విచ్ వెర్షన్లలో మూడు రెట్ల స్పీడుతో ఆడొచ్చు, మొహమాటపడకుండా వాడేయండి.

పాత గేముల మీద నాకున్న ప్రేమలో ఇంకో కారణం ఉంది. ఒకసారి డిస్క్ కొంటే గేమ్ మొత్తం మీదే. ఇంటర్నెట్ అడగదు, లోపల ఏముందో తెలియని లూట్ బాక్స్ కొనమనదు. స్నేహితుడికి ఇచ్చినా ఎవరూ ఆపరు. ఇప్పుడు పూర్తి ధర పెట్టి కొన్న గేమ్‌ని కూడా సర్వర్ ఆపేసి కంపెనీ వెనక్కి లాక్కోగలదు. దీని మీద ఆటగాళ్ళు గట్టిగా కొట్లాడాలి.

మొదటిసారి ఆడేవాళ్ళు ఫోర్ట్ కాండోర్ అనే చోటుని వదిలేయకండి. జూనన్ అనే ఊరికి వెళ్ళే దారిలోనే వస్తుంది. అక్కడ రియాక్టర్ మీద ఒక కాండోర్ పక్షి గూడు కట్టుకుని ఉంటుంది. ఊరివాళ్ళే డబ్బు కూడబెట్టి మనుషుల్ని పెట్టుకుని షిన్రా సైన్యాన్ని అడ్డుకుంటుంటారు. ఆ యుద్ధాలకి మీ జేబులోంచి గిల్ ఖర్చవుతుంది, అందుకని చాలామంది దాటేసి వెళ్ళిపోతారు. జనం తమ కోసం తాము నిలబడటం కథలో లేదని ఇందాక నేనన్నాను కదా, అది ఇక్కడ కొంచెం కనిపిస్తుంది. తగినంత గిల్ వెంటబెట్టుకుని వెళ్ళండి.