ఒళ్ళో పట్టుకుంటే సరిపోదండి

అందరికీ నమస్కారం. నేరుగా విషయంలోకి వచ్చేస్తా. కార్లో పాపని ఒళ్ళో గట్టిగా పట్టుకుంటే ఏం కాదని చాలామంది నమ్ముతారు, ప్రేమతోనే పట్టుకుంటారు, కాదనట్లేదు, కానీ 50 కిలోమీటర్ల స్పీడ్‌లో వెళ్తున్న కారు దేన్నైనా గుద్ది సెకనులో పదో వంతులో ఆగిపోయిందనుకోండి, 10 కిలోల పాప ఆ క్షణంలో మీ చేతుల్ని 140 కిలోల బరువులా లాగేస్తుంది. ఏ తల్లి చేతులూ దాన్ని ఆపలేవు. ఇద్దరికీ కలిపి ఒకే బెల్ట్ పెట్టుకోవడం ఇంకా ఘోరం, మధ్యలో నలిగేది పాపే.

అందుకే పిల్లల సీటు, అంటే కారు సీటు మీద బిగించే, సొంత బెల్టులున్న చిన్న సీటు. చిన్నపిల్లలకి అది కారు వెనక్కి తిరిగి ఉండాలి, ఎందుకంటే పుట్టిన బిడ్డ పొడవులో పావు వంతు తలే, మెడ ఇంకా లేత, ముందుకి తిరిగి కూర్చుంటే ఆ తల బరువంతా మెడ మీద పడుతుంది, వెనక్కి తిరిగుంటే సీటు వీపునీ తలనీ కలిపి కాస్తుంది. సీటు మీద రాసున్న బరువు, ఎత్తు దాటేదాకా అలాగే ఉంచండి, కాళ్ళు ముడుచుకుంటున్నాడని తొందరపడి తిప్పెయ్యకండి. ఎయిర్‌బ్యాగ్ ఆన్‌లో ఉన్న ముందు సీట్లో మాత్రం ఇలాంటి సీటు అస్సలు పెట్టొద్దు, ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంటే నేరుగా తల వెనకే కొడుతుంది.

బెల్ట్ బిగించాక భుజం దగ్గర రెండు వేళ్ళతో పట్టి చూడండి, మడత వేళ్ళకి దొరికిందంటే లూజుగా ఉన్నట్టే. లావు స్వెట్టర్ ఉంటే తీసేసి బిగించి, చలేస్తే పైన దుప్పటి కప్పండి. పెద్దయ్యాక కూడా సుమారు 145 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా బూస్టర్, అంటే పిల్లాణ్ణి ఎత్తులో కూర్చోబెట్టే సీటు కావాలి, లేకపోతే కారు బెల్ట్ తుంటి ఎముకల మీద కాకుండా పొట్ట మీదకి ఎక్కుతుంది.

ఈ పొట్ట సంగతి గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే యాక్సిడెంట్ అయ్యాక అందరూ చూసేది తల, చేతులు, కాళ్ళు. చొక్కా ఎత్తి చూడండి. పొట్ట మీద అడ్డంగా ఎర్రగానో నల్లగానో బెల్ట్ చార కనిపిస్తే పిల్లాడు నవ్వుతూ ఆడుతున్నా సరే వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళాలి, లోపల పేగుకో వెన్నెముకకో దెబ్బ తగిలుండొచ్చు. పిల్లల ఒంట్లో ఇంకోటి ఉంది, లోపల రక్తం పోతున్నా బీపీ చాలాసేపు నిలబడి తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది, కాబట్టి పిల్లాడు బాగానే ఉన్నాడుగా అని ఇంటికెళ్ళిపోవద్దు. డాక్టర్ చూసేదాకా తిండి, నీళ్ళు ఇవ్వకండి, ఆపరేషన్ అవసరం పడొచ్చు.

యాక్సిడెంట్ జరిగిన చోట మంటలు లాంటి ప్రమాదం లేకుండా, పిల్లాడు బాగానే ఊపిరి తీసుకుంటుంటే, గబుక్కున లాగెయ్యకండి, మెడ కదలకుండా అలాగే ఉంచి అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకోండి, మాటిమాటికీ తీసి చూడొద్దు.

ఇంటికి పంపించాక కూడా ఒకటి రెండు రోజులు కనిపెట్టుకుని ఉండండి: మళ్ళీ మళ్ళీ వాంతులు, లేపినా లేవనంత మత్తు, ఫిట్స్, ముక్కు నుంచో చెవి నుంచో నీళ్ళలా కారడం, వీటిలో ఏది కనిపించినా మళ్ళీ పరిగెత్తాలి. పీడకలలు, పక్క తడపడం, కారెక్కనని ఏడవడం కొన్నాళ్ళు ఉంటాయి, తిట్టొద్దు, నెల దాటినా తగ్గకపోతే డాక్టర్‌కి చెప్పండి.

ఇంకొక్కటి, గట్టి యాక్సిడెంట్‌లో ఉన్న పిల్లల సీటు బయటికి పగుళ్ళు లేకపోయినా మళ్ళీ వాడొద్దు, ఇంకెవరికీ ఇవ్వొద్దు కూడా, బెల్టులు కోసేసి పారెయ్యండి.