నోటరీ ముద్ర ఏం చెబుతుంది, ఆ ముద్ర ఎవరికి ఇస్తారు?

నమస్తే. "ప్లాటుకు నోటరీ చేయించాం, ఇక మాదే కదా సార్?" "మా తమ్ముడు లా పాసయ్యాడు, నోటరీ బోర్డు పెట్టుకోవచ్చా?" నల్లగొండలో వకీళ్లను జనం అడుగుతూనే ఉండే ప్రశ్నలివి. రెండింటికీ జవాబు ఒకటే: కాదు. నోటరీ చేసే పనేమిటో తెలిస్తే ఈ రెండు అపోహలూ ఒకేసారి పోతాయి.

మిర్యాలగూడ రైస్ మిల్లుల దగ్గర ధర్మకాంటా చూసే ఉంటారు. ధాన్యం లారీ ఎక్కుతుంది, బరువు తేలుతుంది, చీటీ చేతికొస్తుంది. ఆ చీటీ బరువెంతో చెబుతుంది గానీ ధాన్యం ఎవరిదో చెప్పదు. నోటరీ ముద్రా అంతే. ఫలానా మనిషి ఫలానా రోజు నా ఎదుట ఈ కాగితం మీద సంతకం చేశాడు అంటుంది. భూమి ఎవరిదో తేల్చదు. వంద రూపాయలు, ఆపైన విలువ చేసే స్థిరాస్తిని అమ్మితే రిజిస్ట్రేషన్ జరగాల్సిందే. రూపాయి రూపాయి కూడబెట్టి, ఉత్త నోటరీ కాగితం మీద ప్లాటు కొన్నవాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

(తెరపై: నోటరీ రిజిస్టరు పేజీ)

లారీ కాంటా ఎక్కకుండానే చీటీ రాసిస్తే దాన్ని ఏమనాలి? సంతకం చేసే మనిషి రాకుండానే ముద్ర కొట్టివ్వడం అచ్చంగా అదే. ఈ రిజిస్టరు చూడండి. తేదీ, పేరు, చిరునామా, ఏ పత్రం, ఎంత ఫీజు, చివర్లో వచ్చిన మనిషి సంతకం. మీ సంతకం ఇందులో తీసుకోకపోతే ఎందుకని నిలదీయండి. అడగడం మీ హక్కు.

ఇప్పుడు తమ్ముడి సంగతి. 1952 నాటి నోటరీల చట్టం, 1956 నాటి నిబంధనల ప్రకారం న్యాయవాదిగా కనీసం 10 ఏళ్ల ప్రాక్టీసు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీలకు, మహిళలకు 7 ఏళ్లు చాలు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో న్యాయవాది కానివాళ్లు కూడా నోటరీ కావచ్చు. అక్కడున్న బంధువు చెప్పిన పద్ధతి ఇక్కడ పనికిరాదు.

దరఖాస్తును మెమోరియల్ అంటారు. దాని మీద ఒక మేజిస్ట్రేటు, ఒక జాతీయ బ్యాంకు మేనేజరు, ఒక వ్యాపారి, ఆ ప్రాంతంలో పేరున్న ఇద్దరు సంతకాలు చేయాలి. నాకు బాగా నచ్చిన నిబంధన ఇదే. కాంటా యజమానిని చుట్టుపక్కల రైతులు నమ్మాలి కదా! ఇక్కడ ఆ నమ్మకాన్ని కాగితం మీద పెట్టి చూపించమంటున్నారు. లా డిగ్రీ ఉన్నంత మాత్రాన సరిపోదు, ఊళ్లో పరపతి కావాలి. పదేళ్లు కోర్టు మెట్లెక్కినవాళ్లకు ఈ ఐదు సంతకాలు కష్టమేమీ కాదు.

టైమ్ దగ్గరపడింది, మిగతాది గబగబా చెప్పేస్తాను. నోటరీలను కేంద్రం నియమిస్తుంది, రాష్ట్రమూ నియమిస్తుంది. ఎంతమందిని నియమించాలన్నదానికి పరిమితి ఉంది కాబట్టి అర్హత ఉన్నా ఆగాల్సి రావచ్చు. విచారణ అయ్యాక ఫీజు కడితే సర్టిఫికెట్ ఇస్తారు. ఏ ప్రాంతంలో పనిచేయవచ్చో అందులో ఉంటుంది. జీతం లేదు, నిబంధనల్లో ఉన్న ఫీజే ఆదాయం. ముద్ర గుండ్రంగా, 5 సెంటీమీటర్ల వ్యాసంతో ఉండాలి. కాంటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర మళ్లీ మళ్లీ వేయించుకున్నట్టే, సర్టిఫికెట్‌నూ 5 ఏళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. గడువు తీరడానికి ఆరు నెలల ముందే దరఖాస్తు పెట్టాలి. నోటరీల జాబితాను ప్రభుత్వాలు ఏటా జనవరిలో గెజిట్‌లో ప్రచురిస్తాయి. ముద్రలో పేరు, ప్రాంతం, రిజిస్ట్రేషన్ నంబరు ఉంటాయి కాబట్టి అనుమానం వస్తే సరిచూసుకోవచ్చు.

ఇంకొక్కటి. నోటరీ కాగితంతో పెళ్లి కాదు, విడాకులూ కావు. దాని మీద వేరే వీడియో చేస్తాను.