సిల్వర్ షీటు అంటించేస్తే వ్యాన్ చల్లబడిపోదు గురూ!

(వ్యాన్ లోపల. సీట్లు, ప్యానెళ్లు తీసేసి ఉన్నాయి. చేతిలో సిల్వర్ బబుల్ షీటు ముక్క.)

నమస్తే అందరికీ. ఇదిగో, ఈ షీటు. నాకు ఫోన్ చేసే ప్రతి ఒక్కరిదీ ఒకటే మాట: "అన్నా, టెంపో ట్రావెలర్ కొని, లోపలే పడుకుని ఊళ్లు తిరిగే క్యాంపర్‌గా మారుస్తున్నాను, లోపల రేకుకి సిల్వర్ షీటు అంటించేశాను, అయినా ఉడికిపోతోంది." ఉడకదా మరి! నిన్న ఇక్కడ విజయనగరంలో మా షెడ్డు మేస్త్రీ కూడా అదే అన్నాడు, "సిల్వర్ కొట్టేద్దాం గురూ, ఏసీ కూడా అక్కర్లేదు" అని. అందుకే ఈ వీడియో.

ఈ షీటు ఒక అద్దం లాంటిది. వేడెక్కిన రేకు నుంచి గాల్లోకి వచ్చే వేడి కిరణాల్లో తొంభై శాతానికి పైగా ఆపేస్తుంది. అది నిజమే. కానీ దానికీ రేకుకీ మధ్య ఖాళీ ఉండాలి, కనీసం ఒక 20 మిల్లీమీటర్లు. గమ్ము రాసి రేకుకే అతికించేస్తే కిరణాలతో పనేముంది? వేడి నేరుగా తగిలి లోపలికి వచ్చేస్తుంది. అల్యూమినియం గిన్నెలో కూర వండుకునేవాళ్లకి అల్యూమినియం వేడిని ఆపుతుందని ఎవరు చెప్పారో నాకు అర్థం కాదు.

మరి వేడిని ఆపేదేంటి? చిన్నప్పుడు చూశారు కదా, ఐసు దిమ్మని రంపపు పొట్టులో పాతిపెట్టి, మీద గోనెసంచి కప్పి, రిక్షాలో వేసుకుని తీసుకెళ్లేవాళ్లు. పొట్టేమీ చల్లగా ఉండదు. అయినా ఐసు అంత దూరం ఎలా నిలిచేది? పొట్టు మధ్యలో కదలకుండా ఇరుక్కున్న గాలి వల్ల. అసలు పని చేసేది గాలే. పొట్టు దాన్ని పట్టుకుని కూర్చోబెడుతుంది, అంతే. థర్మాకోల్ అయినా, గ్లాస్ ఊల్ (గాజు పీచుతో చేసిన దూది లాంటిది) అయినా, ఫోమ్ అయినా అన్నీ ఆ పొట్టుకి చుట్టాలే.

ఒక్క లెక్క చెప్తాను, టెన్షన్ పడకండి. వేడిని ఎంత తేలిగ్గా దాటనిస్తుందో చెప్పే అంకె ఒకటుంది. కదలని గాలికి అది సుమారు 0.026. థర్మాకోల్‌కి 0.036 దగ్గర, ప్లైవుడ్‌కి 0.13. ఇనుప రేకుకి 50! నీళ్లకి 0.6. ఈ నీళ్ల అంకె గుర్తుపెట్టుకోండి, గాలికంటే ఇరవై రెట్లు పైనే. అంటే పొట్టు తడిసిందంటే ఐసు పని అయిపోయినట్టే.

మన దగ్గర అసలు గొడవ అక్కడే. అందరూ మే నెల ఎండ గురించే ఆలోచిస్తారు. డిసెంబరులో శృంగవరపుకోట మీదుగా ఘాట్ ఎక్కి అరకులో రాత్రి ఆపారనుకోండి. లోపల ఇద్దరు పడుకున్నారు. ఇద్దరి ఊపిరి నుంచీ ఒంటి నుంచీ తెల్లారేసరికి దాదాపు అర లీటరు నీరు ఆవిరై వ్యాన్‌లోనే ఉంటుంది. బయట చలికి రేకు చల్లబడిపోతుంది. ఐసు నీళ్లు పోసిన స్టీలు గ్లాసుకి చెమట పట్టినట్టు రేకు లోపలి వైపు చెమట పడుతుంది. అది ప్యానెల్ వెనక ఉంటుంది కాబట్టి మీకు కనపడదు.

అక్కడ గ్లాస్ ఊల్ పెట్టారంటే? గాలి దాని గుండా దూరిపోయి రేకుని తాకుతుంది, నీరవుతుంది, ఊల్ ఆ నీటిని పీల్చుకుని రేకుకి ఆనుకుని కూర్చుంటుంది. తడిసిన పొట్టు! తర్వాత కళింగపట్నం బీచ్‌లో రెండు రోజులు ఉప్పుగాలి తగిలిందంటే తుప్పుకి పండగే. పైగా కుదుపులకి ఊల్ కిందకి జారిపోయి పైన ఖాళీ అవుతుంది. ఇంట్లో ఫాల్స్ సీలింగ్ మీద అది బంగారం. వ్యాన్‌లో వద్దు.

థర్మాకోల్ చవక. నేను మొదటి వ్యాన్‌కి అదే వేశాను, సన్‌మైకా అంటించే గమ్ముతో. పొద్దున్న చూస్తే చెదలు తిన్నట్టు గుంటలు! ఆ గమ్ములో ఉండే ద్రావకం థర్మాకోల్‌ని కరిగించేస్తుంది. మిగిలిన ముక్కలు గతుకుల్లో కీచుకీచుమని అరిచేవి. మా ఆవిడ ఇప్పటికీ ఆ శబ్దం చేసి చూపిస్తుంది.

పఫ్ స్ప్రే, అంటే ఫ్రిజ్ గోడల్లో ఉండే ఫోమ్, అంకెల్లో అన్నిటికంటే బెస్టు. కానీ అది పొంగుతుంది. చెయ్యి తిరగనివాళ్లు కొడితే బయటి రేకు ఉబ్బుతుంది, వైర్లు అందులోనే సమాధి అయిపోతాయి. రేపు డోరుకి సొట్ట పడితే డెంటింగ్ వాళ్లు మిమ్మల్ని తిట్టుకుంటారు.

(నల్లటి షీటు చూపిస్తూ)

నా ఓటు దీనికి. నైట్రైల్ రబ్బరు. మీ ఇంట్లో స్ప్లిట్ ఏసీ రాగి పైపు మీద నల్లటి మెత్తటి తొడుగు ఉంటుంది చూడండి, ఎక్కువగా ఇదే. అక్కడ ఎందుకు వేస్తారు? చల్లటి పైపుకి చెమట పట్టకుండా! మన సమస్యా అదే కదా. దీని లోపల గాలి బుడగలు దేనికది మూసుకుని ఉంటాయి, నీరు పీల్చదు, వంపులకి వంగుతుంది. టాప్‌కి 25 మిల్లీమీటర్లు, పక్కలకి 19. వెనక స్టిక్కర్‌లా అంటుకునే గమ్ము ఉన్నది తీసుకోండి. రేకుని థిన్నర్‌తో తుడిచి, ఆరాక, గాలి మిగలకుండా నొక్కి అతికించండి. జాయింట్లన్నిటికీ టేపు వేయండి. పొట్టులో ఒక్క కన్నం ఉన్నా ఐసు అక్కడి నుంచే కరగడం మొదలవుతుంది.

ఆ కన్నాలంటే మీ వ్యాన్‌లో బాడీకి పక్కటెముకల్లా ఉండే ఇనుప రిబ్బులే. మధ్యలో ఎంత మందం పెట్టినా, రిబ్బు ఖాళీగా ఉంటే వేడి దాని మీదుగా నడిచొచ్చేస్తుంది. వాటి మీద కూడా 6 మిల్లీమీటర్ల రబ్బరు పట్టీ వేసి, ఆ తర్వాతే ప్లైవుడ్.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. టాప్‌కి బయట తెల్ల రంగు వేయించండి, దీనికంటే చవకైన పని లేదు. కింద ఫ్లోర్‌కి ఎక్స్‌పీఎస్ బోర్డు, అంటే థర్మాకోల్‌కి గట్టి తమ్ముడు, పలచగా చాలు, లేదంటే తల పైన తగులుతుంది. దానికీ ఆ సన్‌మైకా గమ్ము వాడొద్దు, అదీ కరుగుతుంది. సిల్వర్ షీటు పారేయకండి, కిటికీలకి, ముందు అద్దానికి కట్ చేసి పెట్టుకోండి. అక్కడ అద్దంలా ఎండని వెనక్కి కొడుతుంది, దాని అసలు ఉద్యోగం అదే. స్టవ్ దగ్గర ఏ ఫోమూ బయటికి కనపడకూడదు. రబ్బరు కొనేటప్పుడు మంట తొందరగా పాకని రకం, "క్లాస్ O" అని అడగండి. పనికి ముందే ఆర్టీవో ఆఫీసులో అడగండి, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు.

ఆఁ, ఇంకోటి. పొట్టులో పెట్టినా ఐసు సాయంత్రానికి కరుగుతుంది. ఇన్సులేషన్ వేడిని ఆలస్యం చేస్తుందే కానీ చల్లబరచదు. పగలంతా ఎండలో తలుపులు బిగించి ఉంచితే రాత్రి ఆ వేడినే బయటికి పోనివ్వదు. టాప్‌కి ఎగ్జాస్ట్ ఫ్యాన్ తప్పనిసరి. దాని కన్నం ఎక్కడ కొయ్యాలో...

(బయట డ్రిల్లు శబ్దం)

ఒక్క నిమిషం. గురూ! ఆ రిబ్బుకి పట్టీ వేశావా? వెయ్యకుండానే స్క్రూలు కొట్టేస్తున్నావేంటి? ఆగాగు, వస్తున్నా!