వీధికుక్కని ఇంటికి తెచ్చేశారు, సరే... ఇప్పుడేంటి?

[తెర మీద: కుందలహళ్లి గేటు, సాయంత్రం ట్రాఫిక్. ఫుట్‌పాత్ పక్కన బొచ్చంతా ఊడిపోయిన ఒక కుక్క ముడుచుకుని పడుకుని ఉంది.]

నమస్కారం. బెంగళూరులో ఉన్న మనవాళ్ల నుంచి నాకు ఎక్కువగా వచ్చే మెసేజ్ ఇదే: "అక్కా, ఆఫీసు నుంచి వస్తుంటే ఒక కుక్క కనిపించింది. ఒళ్లంతా గజ్జి, ఎముకలు తేలిపోయాయి. చూడలేక ఇంటికి తెచ్చేశాను. ఇప్పుడేం చేయాలి?"

ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. దీనికి వైద్యం ఎలా చేయించాలన్నది ఒకటి, దీన్ని నేనే పెంచుకోవాలా అన్నది ఇంకోటి. మొదటిదానికి జవాబు ఈరోజే కావాలి. రెండోది కొన్నాళ్లు పక్కన పెట్టండి. వైద్యం చేయించారని పెంచుకుని తీరాలని ఎవరూ అనరు. పెంచుకోలేం కదా అని వైద్యం మానేయక్కర్లేదు. ఈ రెండూ ముడిపెట్టుకోవడం వల్లే చాలామంది మొదటి రాత్రే టెన్షన్ పడి, పొద్దున్నే కుక్కని ఎక్కడో వదిలేసి వస్తారు.

[తెర మీద: టీ కొట్టు, పక్కనే కట్టుబడిలో ఉన్న బిల్డింగ్, రేకుల షెడ్డు ముందు వాచ్‌మన్.]

ముందు అది ఎవరి కుక్కో కనుక్కోండి. బక్కచిక్కి ఉందంటే అనాథే అనుకుంటాం. కానీ సైటు వాచ్‌మన్ రోజూ తన కంచంలోంచి రెండు ముద్దలు పెడుతూ ఉండొచ్చు. దొరికిన చోట టీ కొట్టు దగ్గర, పొద్దున్నే ఊడ్చే పౌరకార్మికుల దగ్గర ఆగి "ఈ నాయి యార్దు అణ్ణా?" అని అడగండి. అనంతపురం వైపు నుంచో, రాయచూరు వైపు నుంచో వచ్చిన వాచ్‌మన్ దొరికితే మీ అదృష్టం, తెలుగులోనే మొత్తం జాతకం చెప్పేస్తాడు. ఎప్పుడొచ్చింది, ఎన్నిసార్లు ఈనింది, ఈ మధ్య ఎవరినైనా కరిచిందా. ఆ చివరి ముక్క డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న.

తర్వాత చెవి చూడండి. చెవి అంచున చిన్న ముక్క కత్తిరించినట్టు ఉంటే దానికి కు.ని. ఆపరేషన్ అయిందని గుర్తు. అంటే దానికి ఒక వీధి ఉంది, ఎవరో ఒకప్పుడు పట్టించుకున్నారు. మెడ చుట్టూ బొచ్చు అరిగి గీత పడి ఉంటే కొన్నాళ్లు బెల్టుతోనో గొలుసుతోనో బతికిందన్నమాట. ల్యాబ్రడార్, హస్కీ, షీ జూ లాంటి బ్రీడ్ కుక్క రోడ్డు మీద కనిపిస్తే, తప్పిపోయినా అయ్యుండాలి, ఇల్లు మారుతూ వదిలేసైనా వెళ్లుండాలి. అలాంటిదానికి క్లినిక్‌లో మైక్రోచిప్ ఉందేమో స్కాన్ చేయమని అడగండి.

2023 లెక్కల ప్రకారం బెంగళూరులో వీధికుక్కలు సుమారు 2.79 లక్షలు. మీరు తెచ్చింది అందులో ఒకటి. కనపడ్డ ప్రతి బక్క కుక్కనీ ఇంటికి మోసుకురావడం నా ఉద్దేశంలో సాయం కాదు. నడవలేనిది, పుండులో పురుగులు పట్టినది, వయసైపోయినది, కళ్లు కనిపించనిది, తల్లి లేని పిల్ల, రోడ్డు తెలియని బ్రీడ్ కుక్క: ఇవి తేవాల్సినవి. మిగతావాటికి చాలాసార్లు ఉన్నచోటే తిండీ మందూ అందించవచ్చు.

[తెర మీద: ఎర్ర రంగు హెచ్చరిక. "ఇలా ఉంటే ముట్టుకోవద్దు."]

ఒక్కచోట మాత్రం జాలి పక్కన పెట్టండి. నోటి నుంచి చొంగ ఆగకుండా కారుతూ, కింది దవడ వేలాడుతూ, తూలుతూ, గొంతు మారిపోయి, కారణం లేకుండా మీద పడుతూ ఉంటే అది రేబీస్ కావచ్చు. డిస్టెంపర్ అని కుక్కలకి వచ్చే ఇంకో వైరస్ జబ్బులో కూడా కొన్ని లక్షణాలు ఇలాగే ఉంటాయి, తేడా మనం చెప్పలేం. దగ్గరకు వెళ్లకుండా 1533కి ఫోన్ చేయండి, అది కార్పొరేషన్ హెల్ప్‌లైన్. 2025 సెప్టెంబరు నుంచి బీబీఎంపీ స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి కాబట్టి, చెప్పేటప్పుడు ఏరియా, లాండ్‌మార్క్ స్పష్టంగా చెప్పండి.

పట్టుకునేటప్పుడు పన్ను గానీ గోరు గానీ తగిలి రక్తం వచ్చిందా? కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కారం పెట్టొద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. కండలోకి వేసే టీకా అయితే మొదటి రోజు, తర్వాత 3, 7, 14, 28వ రోజుల్లో. రక్తం వచ్చిన గాయమైతే దాంతోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వేస్తారు. "కుక్క పది రోజులు బాగుంటే ఫర్లేదంట కదా" అని ఇంట్లో కూర్చోవద్దు. ఆ పది రోజులు కుక్కని గమనించాలి నిజమే, కానీ టీకా మొదలుపెట్టి గమనించాలి. లక్షణాలు బయటపడ్డాక రేబీస్ నుంచి బతికి బట్టకట్టడం దాదాపు అసాధ్యం.

[తెర మీద: క్లినిక్ టేబుల్. డాక్టర్ చేతులు, కుక్క పై పెదవి ఎత్తి చిగురు చూపిస్తున్న క్లోజప్.]

ఇక డాక్టర్ దగ్గరికి. హెబ్బాళలో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది, 1958 నాటి కాలేజీ. అక్కడికి పొద్దున్నే వెళితే మంచిది. దూరమైతే మీ ఏరియాలో ప్రైవేటు క్లినిక్కే గతి, కానీ "ఇది వీధికుక్క, నేను తెచ్చాను" అని ముందే చెప్పి, ఏ పరీక్షకి ఎంతవుతుందో అడగండి. అడగడం నామోషీ కాదు.

ఈ క్లోజప్ చూడండి. చిగురు లేత గులాబీ రంగులో ఉండాలి. దీనికి కాగితంలా తెల్లగా ఉంది. ఇప్పుడు చెవి లోపలి మడత చూడండి, ఆ బూడిద రంగు గింజల్లాంటివన్నీ గోమార్లే. కాలివేళ్ల సందుల్లోనూ ఉన్నాయి. ఈ రెండూ కలిసి కనిపిస్తే డాక్టర్ రక్తపరీక్ష రాస్తారు. గోమారి కాటుతో వచ్చే ఎర్లికియా, బబేసియా రెండూ ఈ ఊళ్లో మామూలే. డెంగ్యూలో మనకి ప్లేట్‌లెట్లు పడిపోతాయి చూడండి, ఎర్లికియాలో కుక్కకీ అలాగే పడిపోతాయి, ముక్కులోంచి రక్తం కూడా రావచ్చు. మందు డాక్సీసైక్లిన్, మామూలుగా నాలుగు వారాల కోర్సు. కొన్ని రోజులకే కుక్క లేచి తిండి తింటుంది, "తగ్గిపోయింది కదా" అని మందు ఆపేస్తారు. ఆపొద్దు.

ఇంట్లో ఇంకో సంగతి. ఈ గోమార్లు కుక్క ఒంటి మీదే ఉండవు. ఆడది దిగివెళ్లి గోడ పగుళ్లలో, తలుపు చట్రం వెనక వేల గుడ్లు పెడుతుంది. కుక్కకి మందు వేసి గోడ వదిలేస్తే నెలలోపే మళ్లీ మొదలు. తీసినవాటిని గోళ్లతో నలపకుండా సబ్బునీళ్లలో వేయండి.

గజ్జి విషయానికొస్తే, అందరికీ చిట్కాలు తెలుసు. వేపనూనె అంటారు, గంధకం అంటారు, మెకానిక్ షెడ్డులో అయితే కాల్చేసిన ఇంజన్ ఆయిల్ పూస్తారు. కుక్క దాన్ని నాకుతుంది, ఆయిల్ కడుపులోకి పోతుంది. డాక్టర్ చర్మాన్ని కొద్దిగా గీకి మైక్రోస్కోప్ కింద చూస్తే ఏ పురుగో తేలుతుంది. సార్కోప్టిక్ రకమైతే మీకూ దురద అంటుకుంటుంది, డెమోడెక్స్ అయితే అంటదు. రెండింటికీ ఇప్పుడు నమిలే మాత్రలున్నాయి, బరువును బట్టి ఇస్తారు. ఐవర్‌మెక్టిన్ డోసు వీడియోలు చూసి వేయకండి, కొన్ని జాతుల కుక్కలకి అది ప్రాణాంతకం. జ్వరమని డోలో అసలే వద్దు, పారాసెటమాల్ కుక్క లివర్‌ని దెబ్బతీస్తుంది.

ఆడకుక్కకి వెనకాల చాలా రోజులుగా రక్తం పడుతోందా? ఎదకొచ్చింది అనుకుని వదిలేస్తారు. వీధికుక్కల్లో సంపర్కంతో అంటుకునే గడ్డ ఒకటుంది, టీవీటీ అంటారు. పేరు క్యాన్సరే అయినా విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్లు వారానికొకటి చొప్పున కొన్ని వారాలు పడితే చాలావరకు పూర్తిగా పోతుంది. క్యాన్సర్ అన్న మాట విని చేతులెత్తేయకండి.

[తెర మీద: ఫ్లాట్ బాల్కనీ. పాత దుప్పటి, నీళ్ల గిన్నె, ఒక మూల చిన్న చెక్కపెట్టె.]

ఇంట్లో మరో కుక్క ఉంటే రెండు వారాలు కలపొద్దు. కొత్తది పార్వో మోసుకొచ్చి ఉండొచ్చు, ఆ వైరస్ నేలమీద నెలల తరబడి బతుకుతుంది. మామూలు ఫినాయిల్‌కి చావదు, బ్లీచ్ కలిపిన నీళ్లకి చస్తుంది. గిన్నెలు, దుప్పటి, మీ చెప్పులు కూడా వేరుగా ఉంచండి.

తిండి పెట్టేటప్పుడు మనకి చెయ్యి ఆగదు. ఎండిపోయిన కుక్కకి ఒకేసారి గంపెడు పెడితే ప్రమాదం. కొద్దికొద్దిగా రోజుకి నాలుగైదు సార్లు పెట్టండి. ఉప్పూ మసాలా లేకుండా ఉడికించిన చికెన్, అన్నం, కొంచెం గుమ్మడికాయ చాలు. పాలు విరేచనాలు చేస్తాయి. నిన్నటి సాంబారులో ఉల్లిపాయ ఉంటుంది, అది కుక్కకి విషం. పెరుగన్నం పెడితే తప్పులేదు, కానీ దాంతోనే కండ పట్టదు.

మొదటి మూడు రోజులు అది మంచం కిందే ఉండొచ్చు. అప్పుడు చూసి "చాలా శాంతం, అరవనే అరవదు" అని ఇంటి ఓనర్‌కి మాటిచ్చేస్తారు. అది శాంతం కాదు, నీరసం. రక్తం పట్టాక లిఫ్ట్ చప్పుడుకి అరుస్తుంది, సెక్యూరిటీ అన్నని చూసి అరుస్తుంది, స్విగ్గీ అబ్బాయి వస్తే ఇల్లు పీకి పందిరేస్తుంది. దాని అసలు స్వభావం తెలియడానికి మూడు వారాలు పడుతుంది, ఇంటికి అలవాటు పడటానికి మూడు నెలలు. పెంచుకునే నిర్ణయం ఇప్పుడే వద్దన్నది ఇందుకే.

[తెర మీద: అదే కుక్క, కొత్త బొచ్చుతో, అదే వీధిలో. చెవి అంచున కత్తిరింపు గుర్తు.]

మందులు అయ్యాయి, టీకాలు పడ్డాయి, కు.ని. ఆపరేషన్ కుట్లు మానాయి. ఇప్పుడు నిర్ణయం. ఇంతకంటే సాగదీయకూడదు కూడా. నెలల తరబడి సోఫా మీద పడుకున్న కుక్క మళ్లీ వీధికి వెళితే పాత గుంపే దాన్ని తరిమి కొడుతుంది.

నన్నడిగితే, ఆరోగ్యం కుదుటపడిన పెద్ద వీధికుక్కకి, తిండి పెట్టే మనుషులున్న సొంత వీధి ఉంటే, అక్కడే వదలడం మంచి దారి. చాలామందికి ఇది ద్రోహంలా అనిపిస్తుంది. చట్టం కూడా ఈ పద్ధతినే చెప్తుంది: 2023 ఏబీసీ (జంతు జనన నియంత్రణ) నిబంధనల ప్రకారం ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి. అన్నట్టు, ఈ పద్ధతిని మన దేశంలో మొదలుపెట్టింది చెన్నై బ్లూక్రాస్, 1964లోనే. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా ఇదే దారి ఉంచింది, రేబీస్ ఉన్నవీ మీదపడి కరిచేవీ మాత్రం మినహాయింపు. అదే ఏడాది నవంబరులో ఇంకో మాట చేర్చింది: స్కూళ్లు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల నుంచి తీసిన కుక్కల్ని మళ్లీ అక్కడ వదలొద్దని. కాబట్టి మీది స్కూలు గేటు లోపల దొరికిందైతే లెక్క మారుతుంది.

"మా చిత్తూరు పొలంలో వదిలేస్తా అక్కా, హాయిగా తిరుగుతుంది" అంటారు. తిరగదు. ఊరి కుక్కలు మొదటి రాత్రే తరుముతాయి, దారి తెలియక పారిపోతుంది. పారిపోకుండా ఉండాలంటే మోటారు షెడ్డు దగ్గర జీవితమంతా గొలుసే. షెల్టర్ మాటా అంతే. క్యూపా లాంటి సంస్థలు 1991 నుంచి ఈ ఊళ్లో వైద్యం చేస్తున్నాయి, కానీ బాగున్న కుక్కని ఆయుష్షంతా ఉంచుకోవడం షెల్టర్ల పని కాదు. పైగా అన్ని జబ్బు కుక్కల మధ్య, నయమైన కుక్కకి మళ్లీ జబ్బు అంటుకుంటుంది.

పిల్లలు, ముసలివి, బ్రీడ్ కుక్కలు రోడ్డుకి పనికిరావు, వీటికి ఇల్లు చూడాల్సిందే. ఎవరైనా తీసుకుంటామంటే ముందు వాళ్లింటికి వెళ్లి, ఇంట్లో కుక్క వద్దన్నది ఎవరో కనుక్కోండి. ఆ ఒక్కరితో మాట్లాడాకే ఇవ్వండి. కరుస్తుందా, ఎక్కడపడితే అక్కడ పోస్తుందా, అన్నీ ఉన్నదున్నట్టు చెప్పండి, లేకపోతే వారంలో తిరిగొస్తుంది. దత్తత తీసుకున్న వీధికుక్క మళ్లీ రోడ్డెక్కకుండా చూడాల్సింది తీసుకున్నవాళ్లేనని ఆ ఆగస్టు ఉత్తర్వులోనే ఉంది. ఆ ముక్క కాగితం మీద రాయించుకోండి.

ఇక మీరే ఉంచుకోవాలనుకుంటే. పీజీలో అయితే మర్చిపోండి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ పెంపుడు కుక్కల్ని నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు ఎప్పుడో చెప్పాయి. కానీ అద్దె ఒప్పందంలో ఓనర్ రాసిన షరతు వేరు, అది ముందు చదవండి.

[తెర మీద: జనవరి క్యాలెండర్. మెజెస్టిక్ దగ్గర బ్యాగులతో జనం.]

తర్వాత సంక్రాంతి లెక్క వేయండి. ఊరికెళ్లేటప్పుడు దీన్నేం చేస్తారు? రైల్లో పక్కన కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాలంటే ఫస్ట్ ఏసీలో కూపే గానీ క్యాబిన్ గానీ మొత్తం మీ పేరునే ఉండాలి. లేదంటే బ్రేక్‌వ్యాన్‌లో పెట్టె, పార్సిల్ ఆఫీసులో బుకింగు. వణికిపోయే వీధికుక్కని ఆ పెట్టెలో రాత్రంతా ఉంచమని నేను చెప్పను. పండగ ముందు కుక్కల్ని ఉంచుకుని చూసుకునే బోర్డింగ్ దొరకడం కూడా కష్టమే. మీ బిల్డింగ్‌లో కుక్క ఉన్న మలయాళీ కుటుంబం ఉంటే మాట కలపండి: ఓనంకి వాళ్ల కుక్క మీ ఇంట్లో, సంక్రాంతికి మీది వాళ్లింట్లో. డిసెంబరులోనే ఒక రాత్రి అక్కడ పడుకోబెట్టి చూడండి, తింటే టికెట్లు బుక్ చేసుకోండి.