అడవికి ఏ బైనాక్యులర్స్ తీసుకెళ్దాం?

అందరికీ నమస్కారం. వచ్చే నెల నల్లమల వెళ్తున్నాం కదా, బైనాక్యులర్స్ ఏవి కొనాలని చాలామంది అడిగారు. పగలు పిట్టల్ని, రాత్రి చుక్కల్ని చూడాలి, మెడలో వేలాడేది మాత్రం ఒక్కటే ఉండాలి. నేనైతే 8×42 కొనమంటాను.

మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో చెబుతుంది. రెండోది ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. షాపులో 20 రెట్లు అంటే మనసు లాగుతుంది. నేనూ మొదట అలాంటిదే కొన్నాను. నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతుల గూళ్లవైపు తిప్పితే నా చేతి వణుకు కూడా 20 రెట్లయింది. పిల్లకు మేత పెడుతున్న తల్లి కుదురుగా కనపడనే లేదు. పైగా అందులో కనిపించే మేర చాలా తక్కువ. పిట్ట కొమ్మ మారితే మళ్లీ దొరకబుచ్చుకోలేం.

ఇక రాత్రి సంగతి. 42ను 8తో భాగిస్తే 5.25. కంటి దగ్గరికి వచ్చే వెలుగు వలయం అన్ని మిల్లీమీటర్లు. చీకట్లో కుర్రవాళ్ల కంటిపాప 7 మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది, యాభై దాటినవాళ్లకు దాదాపు 5 దగ్గరే ఆగుతుంది. వలయం కంటిపాపకు దగ్గరగా ఉంటేనే చీకట్లో బొమ్మ వెలుగ్గా కనిపిస్తుంది. జేబులో పట్టే 8×21లో ఆ వలయం 2.6 మాత్రమే, సందెవేళకే బొమ్మ మసకబారుతుంది. చుక్కలే ముఖ్యమైతే 10×50 మంచిదే, కానీ కిలోకు దగ్గర బరువు. రోజంతా నడిచేవాళ్లకు కష్టం.

పిల్లలకోడిని, అంటే కృత్తికల చుక్కల గుంపును, మీరంతా చూసే ఉంటారు. ఉత్త కంటికి ఆరు చుక్కలు. 8×42 పెట్టి చూడండి, పదులకొద్దీ నీలి చుక్కలు గుప్పున విచ్చుకుంటాయి. ఎన్నేళ్లు చూసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

కొనేముందు బైనాక్యులర్స్‌ను చేయి చాచి పట్టుకుని, వెలుతురు గోడవైపు తిప్పి, మనం కన్ను పెట్టే వైపు అద్దాల్లో చూడండి. వెలుగు వలయం గుండ్రంగా ఉండాలి, అంచులు పలకగా కోసినట్టుంటే వద్దు. కళ్లజోడు ఉన్నవాళ్లు ఐ రిలీఫ్, అంటే బొమ్మంతా కనిపించేలా కన్ను అద్దానికి ఎంత దూరంలో ఉండొచ్చో ఆ కొలత, 15 మిల్లీమీటర్లకు తగ్గనిది అడగండి. సూర్యుడివైపు మాత్రం ఎప్పుడూ తిప్పకండి, చూపు పోతుంది.

ఇక్కడ బల్ల మీద రెండు జతలున్నాయి. బయటికి రండి. ముందు కుడి కన్ను మూసి, నడిమి చక్రం తిప్పి ఎదురుగా ఉన్న వేపకొమ్మను స్పష్టం చేసుకోండి. తర్వాత ఎడమ కన్ను మూసి, కుడి గొట్టం మీది రింగు తిప్పండి. చీకటి పడేలోపు అందరికీ అలవాటు కావాలి.